ఈసారి చెప్పే వెళ్దాం

(2025 మార్చి రెండో వారంలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి వీడ్కోలు సభ జరిగింది. ఆ సభలో క్లాస్ లీడర్ మాట్లాడిన మాటలివి. తెలుగు మాస్టారి ఫోన్ రికార్డింగ్ విని రాసుకున్నది.)

హెడ్మాస్టారు గారికి, మా మాస్టార్లకి, మేడమ్‌లకి, మాకు ఐదేళ్ళు అన్నం పెట్టిన ఆయమ్మలకి, తొమ్మిదో తరగతి తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం. ఒరేయ్, ఒసేయ్, మీకు కూడా నమస్కారం.

హెడ్మాస్టారు నాకు పావుగంట ఇచ్చారు. నా చేతిలో ఉన్నది లాంగ్ నోట్సు. మేము ముప్పై ఆరుగురం. నన్ను తీసేస్తే ముప్పై ఐదు మంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ రాశాను. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడితే ప్రీఫైనల్ అయ్యేసరికి పూర్తయింది. అన్నీ చదివితే సాయంత్రం అయిపోతుంది కాబట్టి కొన్నే చెప్తాను. ఆఖర్న ఎవరి పేజీ వాళ్ళకి చింపి ఇచ్చేస్తాను. పేర్లు చెప్పొద్దని చాలామంది బతిమాలారు. ఒకమ్మాయి అయితే "నా పేరెత్తితే లేచి ఎల్లిపోతాను" అంది. సరే, చెప్పను. ఎవరి గురించో మనకి తెలుస్తుంది, చాలు.

ఇదంతా ఎందుకు రాశానో ముందు చెప్పాలి.

మనలో ఇరవై మందిమి ఐదో తరగతి దాకా ఊళ్ళో ప్రాథమిక బడిలోనే కలిసి చదివాం. 2020 మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం, కరోనా అంట, రేపట్నుంచి బడి లేదు అన్నారు. మనం గంతులేశాం. గుర్తుందా? బోర్డు మీద భాగహారం లెక్క సగంలో ఉంది. టీచర్ చేతిలో చాక్‌పీస్ ఉంది. సంచులు తగిలించుకుని పరిగెత్తాం. నాలుగు రోజుల్లో తెరుస్తారనుకున్నాం. మళ్ళీ ఆ గదిలో మనం కూర్చోలేదు. ఒకటో తరగతి నుంచి మనకి అ ఆలు దిద్దించిన ఆ టీచర్ తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయారు. ఐదేళ్ళు చదువు చెప్పిన మనిషికి "వెళ్ళొస్తాం టీచర్" అనే మాట కూడా చెప్పలేదు. 2021 జనవరిలో, సంక్రాంతి సెలవులయ్యాక, మాస్కులు పెట్టుకుని ఇక్కడ ఆరో తరగతిలో కూర్చున్నాం. సగం మందిని కళ్ళు చూసి గుర్తుపట్టాను. ఐదో తరగతిలో నా పక్కన కూర్చున్న ఇద్దరు రానే లేదు. వేరే ఊరు వెళ్ళిపోయారు. వాళ్ళతో నేను ఆఖరిసారి ఏం మాట్లాడానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

అందుకని ఈసారి అలా జరగకూడదని అనుకున్నాను. ఈ బడిలో మిమ్మల్ని ఒక మనిషి రోజూ చూసింది, ఏం చూసిందో రాసుకుంది. అది మీకు చెప్పకుండా పంపించను.

కిటికీ పక్క రెండో బెంచీ. నీతో మొదలుపెడతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. మనం నాలుగో తరగతి. రాత్రంతా రేకులు కొట్టుకుంటున్న శబ్దానికి నేను మా అమ్మ కొంగు వదల్లేదు. పొద్దున్న బయటికొస్తే దూరంగా ఉండే వేరే ఊరు కనిపిస్తోంది. అడ్డంగా ఉండాల్సిన తోటలు లేవు. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడున్నాయి, జీడిమామిడి తోటలు తిరగబడి ఉన్నాయి. ఉద్దానం అంటే ఉద్యానవనం అని మాస్టారు చెప్తారు కదా, ఆరోజు మాత్రం ఆ పేరు ఎవరూ తలుచుకోలేదు. మనిషి పోతే ఏడుస్తారని అప్పటికి నాకు తెలుసు. చెట్టు పడిపోతే పెద్దవాళ్ళు ఏడుస్తారని ఆరోజే చూశాను. వీళ్ళ తాత ఒక్కో మాను దగ్గర ఆగి, చేత్తో తడిమి, ఇంకోదాని దగ్గరికి నడిచాడు. వీడు ఆయన వెనకాలే లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నిలబడి ఉన్నవి పదకొండు.

మరుసటి ఏడు వానలు పడ్డాక తాతా మనవడూ కొబ్బరి మొక్కలు నాటారు. ఎండాకాలం బడి వదలగానే బోరు దగ్గర్నుంచి బిందెలతో నీళ్ళు మోసేవాడు. ఇంటి గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీసేవాడు, ఒకటి తన ఎత్తు, ఒకటి మొక్క ఎత్తు. ఏటా గీసేవాడు. ఏడో తరగతికి మొక్కే గెలిచింది. ఆ తర్వాత వీడు గీతలు మానేశాడు.

ఈ జనవరిలో ఆ చెట్లలో ఒకటి తొలి కాపు కాసింది. రెండు కాయలు సంచిలో పెట్టుకొచ్చి వరండా మెట్టు మీద కొట్టాడు. లెక్కల మేడం ముప్పై ఆరు ముక్కలు కోశారు. నాకు వచ్చిన ముక్క బొటనవేలి గోరంత ఉంది. దానికి గోధుమరంగు పొట్టు అంటుకునే ఉంది. వెంటనే తినలేదు నేను, చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాను. ఆరోజు బడికి రాని వాడి ముక్క కూడా వీడు మర్చిపోలేదు. రఫ్ నోట్సు కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. నీ పేజీలో ఇదే రాశాను, ఇంకేం రాయలేదు.

మా వైపు, అమ్మాయిల వైపు మూడో బెంచీ.

ఆరో తరగతిలో నువ్వు చేతులు ఎప్పుడూ వల్లెవాటు కింద దాచుకునేదానివి. వేళ్ళ చివర్లు నల్లగా ఉండేవని. జీడి పని చేసే ఇంట్లో పుట్టని వాళ్ళకి ఇది తెలీదు, చెప్తాను. జీడిపిక్కని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, కట్టర్‌కి పెట్టి కాలితో తొక్కి పగలగొడతారు. పెంకులో నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం పొక్కిపోతుంది, నల్లబడుతుంది, పొట్టు లేస్తుంది. ఆ తర్వాత పప్పుని వేడికి పెట్టి, పై పొర ఊడేలా చేసి, ఒక్కొక్కటీ చేత్తో వలుస్తారు. గుండు, అంటే పూర్తి పప్పు, విరగకూడదు. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. రేటు పడిపోతుంది. పలాస జీడిపప్పు అని దేశమంతా తింటారు. ఆ పప్పు మీద వీళ్ళమ్మ చేతులున్నాయి, ఆదివారాలు వీళ్ళ చేతులు కూడా ఉన్నాయి.

పోయిన ఏడాది చివర్లో సాంఖ్యక శాస్త్రం పాఠం నడుస్తోంది. సగటు, మధ్యగతం, బాహుళకం. మా ఎవరికీ ఎక్కట్లేదు. మేడం "మీకు తెలిసిన లెక్క ఒకటి చెప్పండర్రా" అన్నారు. ఈ అమ్మాయి లేచింది. "మేడం, పప్పులో 320 అంటే ఒక పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగుతాయని. 240 అంటే అంతకంటే పెద్దవి, 220 నుంచి 240 తూగుతాయి. నెంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, రేటు ఎక్కువ" అంది. మేడం చాక్‌పీస్ ఆమె చేతికిచ్చి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. మర్నాడు చిన్న డబ్బాలో పప్పు తెచ్చింది. కళ్ళతో చూసి వేరు చేసింది, తర్వాత తూచి చూపించింది. తప్పలేదు. బోర్డు మీద రాస్తున్నంతసేపూ నీ చేతులు మాకందరికీ కనిపించాయి. ఆరోజు నువ్వు దాచుకోలేదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో చదవాలని నీకుంది. పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు, ఆరేళ్ళు చదువు. నీకు రావాలని నాకు ఎంతుందో నీకు తెలీదే.

ఇప్పుడు బారువ సముద్రం ఒడ్డు నుంచి వచ్చేవాడి గురించి.

వీళ్ళ నాన్న గుజరాత్‌లో, వెరావల్‌లో బోటు మీద పనికి వెళ్తారు. మన జిల్లా మత్స్యకారులు చాలామంది అంతే. ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలంలో అక్కడ వేట ఆపేశాకే రావడం. బోటు నడిసముద్రంలో ఉన్నన్నాళ్ళు ఫోన్ కలవదు. ఒడ్డుకొచ్చినప్పుడే మాట. అది ఏ రోజో, ఏ టైముకో ఎవరికీ తెలీదు. వీడు బడి నుంచి ఇంటికి పరిగెత్తేది అందుకే. ఎప్పుడూ ఆటకి ఉండడని మనం కోప్పడేవాళ్ళం. ఇది మనలో చాలామందికి తొమ్మిదో తరగతి దాకా తెలీదు. వాడూ చెప్పలేదు.

పోయిన ఏడాది మనల్ని బారువ తీసుకెళ్ళారు కదా, తాబేళ్ళ గుడ్లు పెట్టిన కంచె చూడటానికి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలంలో ఒడ్డుకొచ్చి, ఇసకలో గొయ్యి తీసి, ఒక్కోటి వంద పైనే గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా వాటిని తెచ్చి కంచె లోపల ఇసకలో మళ్ళీ పాతిపెడతారు. నెలన్నర దాటాక పిల్లలొస్తాయి. మనం వెళ్ళిన సాయంత్రం ఒక బుట్టెడు పిల్లల్ని ఇసక మీద వదిలారు. అర చేయంత కూడా లేవు. నల్లగా, తడిగా, రెక్కల్లాంటి కాళ్ళతో ఇసకని తోసుకుంటూ పోతున్నాయి. ఒకటి అడుగుజాడ గుంటలో పడి ఎక్కలేకపోతోంది. నాకు జాలేసి చెయ్యి పెట్టబోయాను. వీడు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఎత్తకు. దాన్నే నడవనీ. ఈ ఇసక దానికి గుర్తుండాల. పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఇక్కడికే రావాల గదా" అన్నాడు. అది మూడుసార్లు జారింది. నాలుగోసారి ఎక్కింది. అల వచ్చి తీసుకుపోయింది. వీడు అల వెనక్కి పోయినంత దూరం చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ అల్లరి చేసే వాడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అదొక్కసారే చూశాను.

టైము అవుతోందని మాస్టారు చూస్తున్నారు. కొన్ని గబగబా చెప్పేస్తాను.

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి చేరినవాడు. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు. అయినా క్లాసులో అందరికంటే గుండ్రటి తెలుగు అక్షరం వీడిదే. బోర్డు మీద తేదీ, సుభాషితం రాసే పని ఐదేళ్ళూ వీడికే. గంట కొట్టేవాడు: ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా ఇంటి గంట ముందు కొట్టలేదు, మనం ఎంత బతిమాలినా. కబడ్డీ కెప్టెన్: మోకాలు చీరుకుపోయినా కూత ఆపలేదు. ఆ మచ్చ మీద నాకు గౌరవం. కవలలు ఇద్దరూ: మీరిద్దరూ వేరువేరుగా కనిపించడానికి నాకు ఒక వారం పట్టింది, ఆ తర్వాత మీరు ఒకేలా ఉంటారని ఎవరైనా అంటే ఆశ్చర్యం వేసేది. ముగ్గుల అమ్మాయి, గ్రామర్ పేపర్లో నాకు మార్కులు తెచ్చిపెట్టిన అమ్మాయి, నాకు జ్వరమొస్తే నోట్సు మొత్తం రాసి పెట్టిన అమ్మాయి, మీ పేజీలు పెద్దవి. ఇంటికెళ్ళి చదువుకోండి.

ఒకమ్మాయి దగ్గర మాత్రం ఆగాలి.

మందస మండలంలో, మహేంద్రగిరి కొండ కింద మీ ఊరు. హాస్టల్లో ఉండి చదువుకున్నావు. ఏదడిగినా రెండు నిమిషాలు ఆగి ఒక్క ముక్క చెప్పేదానివి. నీకు పొగరని నేను రెండేళ్ళు అనుకున్నాను. అందరి ముందూ చెప్తున్నాను, పొరబడ్డాను. నువ్వు ప్రతి మాటనీ లోపల మీ సవర భాషలో అనుకుని, దాన్ని తెలుగులోకి తెచ్చి, అప్పుడు పలికేదానివి. మనం ఊరికే వాగేస్తాం కాబట్టి ఆ కష్టం మనకి తెలీలేదు.

తొమ్మిదో తరగతిలో ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిగింది. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేశారు. వాడుక భాష కోసం పోరాడారని మనం అందరం ఒకే పేరా బట్టీపట్టి చెప్పాం. ఆఖర్న ఈ అమ్మాయి మైకు దగ్గరికి వచ్చింది. మొదట సవరలో మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు మనకి. హాలంతా నిశ్శబ్దం. తర్వాత తెలుగులో చెప్పింది: "ఆయన మా భాష నేర్చుకున్నారు. మా పిల్లల కోసం మా భాషలో వాచకాలు రాశారు, బడులు పెట్టారు. మీరు ఆయన్ని తెలుగు కోసం తలుచుకుంటారు. మా ఊళ్ళో అయితే మా కోసం తలుచుకుంటాం." అంతే చెప్పి దిగిపోయింది. తెలుగు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆరోజు నుంచి నేను నీ జవాబు కోసం ఆగడం నేర్చుకున్నాను. ఎంతసేపయినా ఆగుతాను.

హాజరు పట్టీలో ఎర్ర సిరాతో కొట్టేసిన పేర్లు మూడున్నాయి. మనతో ఆరులో చేరి ఇవాళ ఇక్కడ లేనివాళ్ళు. వాళ్ళకీ పేజీలు రాశాను.

ఒకడు ఎనిమిదో తరగతి సెలవుల్లో వాళ్ళ అమ్మానాన్నలతో చెన్నై వెళ్ళిపోయాడు, బిల్డింగ్ పనికి. ఆదివారం ఫోన్ చేసి "ఈ వారం ఏ పాఠం అయినాది?" అని అడుగుతాడు. మొదట్లో నేను విసుక్కునేదాన్ని. వాడికి ఎందుకు, పరీక్ష రాయడు కదా అనుకునేదాన్ని. తర్వాత అర్థమైంది, వాడు మనతో పాటే పాఠాలు లెక్కపెట్టుకుంటున్నాడని. అప్పట్నుంచి పాఠం పేరు చెప్పి ఊరుకోవట్లేదు, కథంతా చెప్తున్నాను. ఇంకొకమ్మాయి ఐదు నెలల కిందట అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. ఇంకో అమ్మాయి గురించి ఇక్కడ మాట్లాడను. ఆమెకి ఇష్టముండదు. ఆమె పేజీ వాళ్ళింటికి వెళ్ళి నేనే చేతికిస్తాను. అందులో ఓపెన్ స్కూల్ ఫారం కూడా మడిచి పెట్టాను.

ఇక ఒక్కటే ఉంది.

అబ్బాయిల వైపు మొదటి బెంచీలో గోడ పక్క సీటు ఖాళీగా ఉంది. వాడు ఇవాళ రాలేదు. వాళ్ళ నాన్నకి ఇవాళ డయాలసిస్. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. అమ్మ కూలికి వెళ్తుంది కాబట్టి వారంలో ఒకరోజు వీడు బడి మానేసి తోడు వెళ్తాడు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఎందుకొస్తోందో ఇంతమంది పెద్ద డాక్టర్లు వచ్చి చూసినా ఇదీ కారణమని ఇప్పటికీ తేల్చలేదు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి తెరిచారు. అవి రావడం మంచిదే. కానీ వాళ్ళ నాన్నకి జబ్బు అంతకు ముందే వచ్చేసింది.

ఒకసారి నోట్సు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీలో లీటరు నీళ్ళ సీసా ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీతలు, పక్కన టైము రాసుంది. పొద్దున్న ఇంత, మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత. డాక్టరు చెప్పిన కొలత దాటితే ఒళ్ళు వాస్తుంది, ఊపిరాడదు. చుట్టూ కొబ్బరి తోట, నాన్న మాత్రం కొబ్బరి నీళ్ళు ముట్టకూడదు. ఎండాకాలంలో నాన్న ఎదురుగా వీడు కూడా నీళ్ళు తాగడు. పెరట్లోకి వెళ్ళి తాగి వస్తాడు. నేను చూశానని వాడికి తెలీదు. ఇప్పుడు తెలుస్తుంది. లెక్కలు వాడు చేసేది ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని. ప్రీఫైనల్లో లెక్కల్లో క్లాసు ఫస్టు ఎవరో మీకందరికీ తెలుసు.

తెలుగు మాస్టారు ఇదంతా ఫోన్లో రికార్డు చేస్తున్నది వాడి కోసమే. మాస్టారూ, ఇంకొంచెం దగ్గరగా పెట్టండి.

ఒరేయ్, నేనే. వింటున్నావా? నువ్వు లేకుండా ఫొటో దిగలేదు, రేపు పొద్దున్న ప్రేయర్ అయ్యాక దిగుదామన్నాం, తెల్ల చొక్కా వేసుకురా. నీ హాల్ టికెట్ హెడ్మాస్టారి దగ్గర నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. సోమవారం, పదిహేడో తారీకు, తెలుగు పేపరు, తొమ్మిదిన్నరకి. మనిద్దరికీ ఒకటే సెంటరు. మా మావయ్య ఆటో ఎనిమిదింటికి మీ సందు మొగలో ఆగుతుంది, నువ్వు బస్సు కోసం చూడకు. నాన్న డయాలసిస్ మంగళవారం ఉంది కదా, ఆరోజు పరీక్ష లేకపోయినా, తోడు మా అన్నయ్య వెళ్తాడు. మీ అమ్మతో మాట్లాడాను, ఒప్పుకుంది. ఆ కొబ్బరి ముక్క కిటికీ పక్కవాడు నీకు ఇచ్చాడా, దార్లో తినేశాడా? నేను అడుగుతుంటే వీడు ఇక్కడ నవ్వుతున్నాడు.

నీ పేజీ నేను చింపలేదు. సాయంత్రం నోట్సు మొత్తం పట్టుకుని వస్తాను.